కార్డు పాయింట్లతో అమ్మానాన్నల అమెరికా ప్రయాణం: తక్కువ ఖర్చుతో టికెట్లు తీసుకునే పద్ధతి

అమెరికాలో ఉంటున్న తెలుగు కుటుంబాలకు విమాన టికెట్ల ఖర్చు ఏటా తప్పని భారం. పిల్లల బడులకు సెలవులిచ్చే జూన్, జూలై నెలల్లో హైదరాబాద్ వెళ్లాలన్నా, క్రిస్మస్ సెలవులను సంక్రాంతి దాకా పొడిగించుకోవాలన్నా, పురుడు సమయానికి అమ్మానాన్నలను రప్పించుకోవాలన్నా, అందరూ ప్రయాణించే ఆ రోజుల్లోనే మనమూ టికెట్లు కొనవలసి వస్తుంది. ఎలాగూ తప్పని ఇంటి ఖర్చులను తగిన క్రెడిట్ కార్డు మీద పెట్టి, వచ్చిన పాయింట్లను తగిన చోట వాడితే ఈ భారం చాలావరకు తగ్గుతుంది. తల్లిదండ్రుల రాకపోకల టికెట్లనే ఉదాహరణగా తీసుకుని ఆ పద్ధతిని వివరిస్తాను, ఎందుకంటే పాయింట్ల బలం అక్కడే స్పష్టంగా కనబడుతుంది.

ముందుగా ఒక షరతు. ప్రతి నెలా స్టేట్‌మెంట్‌లో చూపిన మొత్తాన్ని గడువులోగా పూర్తిగా చెల్లించగలిగినవారికే ఈ పద్ధతి పనికొస్తుంది. అమెరికాలో క్రెడిట్ కార్డు బాకీపై వడ్డీ సగటున ఏడాదికి 20 శాతం పైనే ఉండగా, పాయింట్ల రూపంలో చేతికి వచ్చేది ఖర్చులో రెండు మూడు శాతం మాత్రమే. ఒక్క నెల బాకీ మిగిల్చినా ఆ పాయింట్ల విలువ చాలావరకు వడ్డీకే సరిపోతుంది. పైగా కొత్త కొనుగోళ్లకు ఉండే వడ్డీలేని గడువు కూడా పోతుంది. కాబట్టి పాత బాకీ ఉన్నవారు ముందుగా దాన్ని తీర్చి, ఆటోపేను కనీస మొత్తానికి కాకుండా పూర్తి మొత్తానికి పెట్టుకున్న తరువాతే ఇందులోకి దిగాలి.

పాయింటు విలువ కట్టడం

పాయింట్లు ప్రధానంగా రెండు రకాలు. ఒక విమానసంస్థ పేరుతో వచ్చే కార్డు ఆ సంస్థ మైళ్లను, అంటే ఆ విమానసంస్థ సొంత పాయింట్లను మాత్రమే ఇస్తుంది. చేజ్ అల్టిమేట్ రివార్డ్స్, అమెక్స్ మెంబర్‌షిప్ రివార్డ్స్, సిటీ థాంక్‌యూ, క్యాపిటల్ వన్ వంటి బ్యాంకు పాయింట్లను మాత్రం, తగిన కార్డు మన చేతిలో ఉన్నప్పుడు, అనేక విమానసంస్థల ఖాతాల్లోకి మార్చుకోవచ్చు. ఏ విమానంలో సీటు దొరుకుతుందో ముందుగా తెలియదు కనుక, కొత్తగా మొదలుపెట్టేవారికి రెండో రకమే మేలు.

ఈ పాయింట్లను నగదుగా తీసుకుంటే చాలా కార్డులపై పాయింటుకు ఒక సెంటు వస్తుంది. క్యాపిటల్ వన్ మైళ్లకైతే నగదు రూపంలో అర సెంటే. టికెట్‌కు వాడితే ఎంత వస్తుందన్నది మనమే లెక్క కట్టుకోవాలి. నగదు ధరలోంచి మైళ్ల టికెట్‌పై చెల్లించే పన్నులను తీసివేసి, మిగిలినదాన్ని అడిగిన మైళ్లతో భాగించాలి. డాలస్ నుంచి హైదరాబాద్‌కు ఒకవైపు టికెట్ ధర 900 డాలర్లు ఉందనుకుందాం. అదే టికెట్ 40,000 మైళ్లకు, 50 డాలర్ల పన్నులతో దొరికితే, 850 డాలర్లను 40,000తో భాగించగా మైలుకు 2.1 సెంట్లు వచ్చినట్లు. అదే ప్రయాణానికి ఫిబ్రవరిలో 450 డాలర్లే అడుగుతుంటే మైలుకు సరిగ్గా ఒక సెంటే గిట్టుతుంది. అప్పుడు డబ్బు పెట్టి కొని, మైళ్లను వేసవికి దాచుకోవడం మంచిది. మైలుకు ఒకటిన్నర సెంటు కూడా రాని టికెట్‌కు నేనైతే మైళ్లు ఖర్చు చేయను.

తల్లిదండ్రుల టికెట్లకు పాయింట్లు ప్రత్యేకంగా కలిసిరావడానికి మరొక కారణం ఉంది. అంతర్జాతీయ ప్రయాణాల్లో ఒకవైపు టికెట్‌ను నగదుకు కొంటే, చాలాసార్లు రానుపోను ధరకు దగ్గరగా చెల్లించవలసి వస్తుంది. మైళ్ల టికెట్లలో అలా కాదు. ఏ ప్రయాణానికి ఎన్ని మైళ్లో చెప్పే స్థిరమైన పట్టిక ఉన్న విమానసంస్థల పాయింట్ల కార్యక్రమాల్లో ఒకవైపు ధర రానుపోను ధరలో సరిగ్గా సగమే. సందర్శక వీసా మీద వచ్చిన పెద్దవారికి సాధారణంగా ఆరు నెలల వరకు ఉండే అవకాశం ఇస్తారు కానీ, తిరుగు ప్రయాణం ఎప్పుడన్నది ముందుగా నిశ్చయించడం కష్టం. పురుడు అనుకున్న తేదీకి కాకపోవచ్చు, ఊళ్లో దగ్గరివారి పెళ్లి కుదరవచ్చు, ఇక్కడి చలికి తట్టుకోలేక ముందే వెళ్తామనవచ్చు. అందువల్ల రాకకు ఒక టికెట్, పోకకు మరొకటి విడివిడిగా తీసుకుని, రెండోదాన్ని అవసరాన్ని బట్టి మార్చుకునే వీలు ఉంచుకోవడమే సరైన పద్ధతి. అయితే తిరుగు టికెట్‌ను కూడా ప్రయాణానికి ముందే బుక్ చేసి, దాని కాగితం వారి చేతికివ్వాలి. ఇమిగ్రేషన్ అధికారి ఎప్పుడు తిరిగి వెళ్తారని అడిగితే చూపడానికి పనికొస్తుంది.

దారి ముందు, కార్డు తరువాత

చాలామంది ముందు కార్డు తీసుకుని, పాయింట్లు పోగుచేసి, ఆ తరువాత వాటితో ఎక్కడికి వెళ్లవచ్చో వెదుకుతారు. ఆ క్రమాన్ని తిరగవేయాలి. హైదరాబాద్‌కు ఏయే విమానాలున్నాయో, వాటిలో సీట్లను ఏ మైళ్లతో కొనవచ్చో, ఆ మైళ్లు ఏ బ్యాంకు నుంచి వస్తాయో వరుసగా చూసుకుంటూ వెనక్కి వస్తే కార్డు దానంతట అదే తేలుతుంది.

దోహా మీదుగా వచ్చే ఖతార్ ఎయిర్‌వేస్‌ను నేను మొదట పెడతాను. ఈ విమానాల్లో సీట్లను అమెరికన్ ఎయిర్‌లైన్స్ వారి ఆడ్వాంటేజ్ మైళ్లతో కొనవచ్చు. భాగస్వామ్య విమానాలకు ఆ సంస్థ ప్రకటించిన పట్టిక ప్రకారం అమెరికా ప్రధాన భూభాగానికీ భారత ఉపఖండానికీ మధ్య ఒకవైపు ఎకానమీ సీటు 40,000 మైళ్లు, బిజినెస్ సీటు 70,000 మైళ్లు. వేసవి అయినా, డిసెంబరు అయినా ఆ అంకె మారదు. సీటు దొరకడమే కష్టం. ఖతార్ విమానాలకు ఈ పద్ధతిలో ఇంధన సర్‌చార్జీ (ఇంధనం పేరుతో విమానసంస్థ వేసే అదనపు రుసుము) పడదు కనుక చేతినుంచి పెట్టేది పన్నుల మొత్తమే. ప్రయాణం రద్దు చేసుకుంటే మైళ్లను రుసుము లేకుండా తిరిగి ఖాతాలో వేస్తారు. పైన చెప్పిన తిరుగు టికెట్‌కు కావలసింది సరిగ్గా ఇదే. 2025 జూలై నుంచి సిటీ థాంక్‌యూ పాయింట్లను ఆడ్వాంటేజ్ మైళ్లుగా మార్చుకునే వీలు వచ్చింది. సిటీ వారి స్ట్రాటా ప్రీమియర్ కార్డు ఉన్నవారికి వెయ్యి పాయింట్లకు వెయ్యి మైళ్లు వస్తాయి.

రెండో దారి ఎయిర్ కెనడా వారి పాయింట్ల కార్యక్రమమైన ఏరోప్లాన్. పేరు కెనడాదే అయినా, ఎయిర్ ఇండియా, లుఫ్తాన్సా, ఎతిహాద్ వంటి సంస్థల విమానాల్లో సీట్లు ఈ పాయింట్లతో దొరుకుతాయి. ఎయిర్ ఇండియాలో ఢిల్లీ మీదుగా, లుఫ్తాన్సాలో ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా, ఎతిహాద్‌లో అబుదాబి మీదుగా హైదరాబాద్ చేరవచ్చు. ఏరోప్లాన్ కూడా ఇంధన సర్‌చార్జీ వేయదు. భాగస్వామ్య విమానాల టికెట్‌కు 39 కెనడా డాలర్ల రుసుము మాత్రం తీసుకుంటుంది. ఒకవైపు టికెట్‌లోనే అదనంగా 5,000 పాయింట్లు ఇస్తే మధ్యలో ఒక ఊళ్లో కొన్ని రోజులు ఆగవచ్చు. చేజ్, అమెక్స్, క్యాపిటల్ వన్ మూడింటి నుంచీ ఏరోప్లాన్‌కు పాయింట్లు మార్చుకోవచ్చు. ఒడిలో కూర్చోబెట్టుకునే పసిబిడ్డకు అనేక సంస్థలు మైళ్ల టికెట్‌పైన కూడా నగదు ధరలో పది శాతం అడుగుతుంటే, ఇందులో చిన్న స్థిర మొత్తంతో సరిపోతుంది. బిజినెస్ తరగతిలో పసిపాపతో వెళ్లేవారికి ఈ ఒక్క తేడాయే వందల డాలర్లు మిగులుస్తుంది.

మిగిలిన దారులను త్వరగా చెప్పవచ్చు. ఎయిర్ ఫ్రాన్స్, కేఎల్‌ఎంల పాయింట్ల కార్యక్రమమైన ఫ్లయింగ్ బ్లూకు పెద్ద బ్యాంకులన్నిటి నుంచీ పాయింట్లు వెళ్తాయి. ధర గిరాకీని బట్టి మారుతుంది, కానీ నెలనెలా కొన్ని మార్గాలకు తగ్గింపు ప్రకటిస్తారు. బ్రిటిష్ ఎయిర్‌వేస్ లండన్ మీదుగా హైదరాబాద్‌కు వస్తుంది కానీ, దాని టికెట్లపై పడే సర్‌చార్జీ చాలా ఎక్కువ, కనుక ఎకానమీ సీటుకు ఆ మైళ్లు వాడడం దండగ. దుబాయి మీదుగా వచ్చే ఎమిరేట్స్‌కూ సర్‌చార్జీ బెడద ఉంది. పైగా 2025లో అమెక్స్ నుంచి మార్పిడి నిష్పత్తి తగ్గి, ఇప్పుడు 1,000 పాయింట్లకు 800 మైళ్లే వస్తున్నాయి.

కార్డు ఎంపికలో ఆ బ్యాంకు నియమాలను కూడా గమనించాలి. గత 24 నెలల్లో ఏ బ్యాంకు నుంచైనా అయిదు లేదా అంతకుమించి కొత్త కార్డులు తీసుకున్నవారికి చేజ్ సాధారణంగా కార్డు ఇవ్వదు. కాబట్టి చేజ్ సఫైర్ ప్రిఫర్డ్ వంటిది కావాలనుకునేవారు దాన్ని ముందు వరుసలో పెట్టుకోవాలి. అమెక్స్ తన స్వాగత బోనస్‌ను (కొత్త కార్డు మీద గడువులోగా చెప్పినంత ఖర్చు చేస్తే ఇచ్చే అదనపు పాయింట్లను) ఒక్కో రకం కార్డుకు జీవితంలో ఒక్కసారే ఇస్తానంటుంది కనుక, అక్కడ మంచి బోనస్ వచ్చేదాకా ఓపిక పట్టడం లాభం. స్ట్రాటా ప్రీమియర్‌కు, సఫైర్ ప్రిఫర్డ్‌కు ఏడాదికి 95 డాలర్ల రుసుము ఉంది. అంతకన్నా ఖరీదైన కార్డుల లాంజ్ సదుపాయాలు, కూపన్లు ఆకర్షణీయంగా కనిపిస్తాయి కానీ, ఏడాదికి ఒకటి రెండు ప్రయాణాలు చేసే కుటుంబానికి వాటి అవసరం ఉండదని నా అభిప్రాయం.

కొత్తగా వచ్చిన విద్యార్థులు, ఉద్యోగులు సోషల్ సెక్యూరిటీ నంబరు వచ్చాక రుసుము లేని కార్డుతో మొదలుపెట్టి, ఏడాదిపాటు సక్రమంగా చెల్లిస్తే ఈ కార్డులకు అర్హత వస్తుంది. భారతదేశంలోని క్రెడిట్ చరిత్రను చూసి కార్డు ఇచ్చే ఏర్పాటు అమెక్స్‌కు ఉంది. హెచ్-4 వీసా (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబసభ్యులకు ఇచ్చేది) మీద ఉన్నవారికి ఉద్యోగం లేకపోయినా, 21 ఏళ్లు నిండి ఉంటే, తమకు అందుబాటులో ఉన్న జీవిత భాగస్వామి ఆదాయాన్ని దరఖాస్తులో చూపవచ్చు. కొన్ని బ్యాంకులు ఐటీఐఎన్‌తో (సోషల్ సెక్యూరిటీ నంబరు లేనివారికి ఇచ్చే పన్ను నంబరుతో) కూడా దరఖాస్తు తీసుకుంటాయి. ఇంట్లో ఇద్దరూ చెరొక కార్డు తీసుకుంటే బోనస్ రెండింతలవుతుంది.

ఇంటి ఖర్చే పాయింట్లుగా

అద్దె కాకుండా నెలకు 3,500 డాలర్లు కార్డు మీద ఖర్చయ్యే కుటుంబాన్ని ఊహించుకుందాం. కిరాణా, హోటల్ భోజనం, పెట్రోలు వంటివాటికి స్ట్రాటా ప్రీమియర్ డాలరుకు మూడు పాయింట్లు ఇస్తుంది, మిగతావాటికి ఒకటి. సగటున డాలరుకు రెండు వచ్చినా ఏడాదికి 84,000 పాయింట్లు. స్వాగత బోనస్ 60,000 అనుకుంటే మొత్తం 1,44,000. ఇద్దరు పెద్దవారికి రానుపోను ఎకానమీ సీట్లకు ఆడ్వాంటేజ్ పట్టిక ప్రకారం కావలసినవి 1,60,000. అంటే మొదటి ఏడాది ముగిసేసరికి దాదాపు గమ్యం చేరినట్లే. ఇంట్లో రెండో కార్డు ఉంటే ఇంకా ముందే చేరవచ్చు.

ఈ లెక్క నిలవాలంటే కొన్ని చిన్న సంగతులు తెలిసి ఉండాలి. కాస్ట్‌కో దుకాణాల్లో క్రెడిట్ కార్డుల్లో వీసా మాత్రమే చెల్లుతుంది. స్ట్రాటా ప్రీమియర్ మాస్టర్‌కార్డ్ కనుక అక్కడ పనిచేయదు, సఫైర్ ప్రిఫర్డ్ పనిచేస్తుంది. కాస్ట్‌కో, వాల్‌మార్ట్ వంటి పెద్ద దుకాణాల్లో సరుకులు కొన్నా సాధారణంగా కిరాణా పాయింట్లు రావు. ఇక మన ఇండియన్ స్టోర్లు: ఒక్కోటి కార్డు యంత్రంలో ఒక్కో రకం వ్యాపారంగా నమోదై ఉంటుంది. పప్పులూ కూరగాయలూ అమ్మే దుకాణమే అయినా, పక్కన చాట్ కౌంటర్ ఉన్నందువల్ల కొన్ని రెస్టారెంట్లుగా లెక్కలోకి వస్తాయి. ఒక చిన్న కొనుగోలు చేసి, రెండు మూడు రోజుల తరువాత బ్యాంకు యాప్‌లో దానికెన్ని పాయింట్లు పడ్డాయో చూస్తే ఆ దుకాణంలో ఏ కార్డు తీయాలో తెలిసిపోతుంది.

ఇంటికి డబ్బు పంపేటప్పుడు మాత్రం క్రెడిట్ కార్డు వాడకూడదు. అటువంటి లావాదేవీని చాలా కార్డులు నగదు అడ్వాన్సుగా, అంటే కార్డు మీద తీసుకున్న నగదు అప్పుగా పరిగణించి, రుసుము వేసి, ఆ రోజు నుంచే వడ్డీ కడతాయి, పాయింట్లూ రావు. విశ్వవిద్యాలయ ఫీజును కార్డుతో కడితే సాధారణంగా రెండున్నర నుంచి మూడు శాతం దాకా అదనంగా తీసుకుంటారు. స్వాగత బోనస్‌కు మూడు నెలల్లో చేయవలసిన ఖర్చు ఇంకా మిగిలి ఉంటే అప్పుడు ఒక్కసారి అది గిట్టుబాటు కావచ్చు. ఆ పనికి ఫెడరల్ ఆదాయపు పన్ను చెల్లింపు మరింత నయం, ఎందుకంటే అక్కడి కార్డు రుసుము రెండు శాతం లోపే ఉంటుంది. బోనస్ కోసం అవసరం లేని వస్తువులు కొనడం మొదలైతే మాత్రం ఈ ప్రయత్నం మొత్తం వృథా.

సీటు వెదకడం, మార్చడం, బుక్ చేయడం

అమెరికన్ ఎయిర్‌లైన్స్ వెబ్‌సైట్‌లో ప్రయాణానికి 331 రోజుల ముందు నుంచి మైళ్ల టికెట్లు కనిపిస్తాయి. బయలుదేరే ఊరు, హైదరాబాద్, తేదీ ఇచ్చి, మైళ్లతో కొనే పెట్టెలో టిక్ పెట్టి, ప్రయాణికుల సంఖ్య రెండు అని వేయాలి. ఒక సీటుకు వెదికి, దొరికిందని సంతోషించి, ఆ తరువాత రెండోది లేదని తెలుసుకోవడం కంటే మొదటే ఇద్దరికీ చూడడం మంచిది. 40,000 అనే అంకె, పక్కన ఖతార్ పేరు ఉన్న వరుస కనబడితే అదే మనకు కావలసింది. అదే తేదీకి అంతకు ఎంతో ఎక్కువ మైళ్లు అడిగే వరుసలు కూడా వస్తాయి, వాటిని వదిలేయాలి. ఏమీ లేకపోతే దోహా నుంచి హైదరాబాద్‌కు, అమెరికా నుంచి దోహాకు విడివిడిగా వెదకాలి. సాధారణంగా కష్టమయ్యేది అమెరికా నుంచి దోహా వరకే. డాలస్‌లో లేనిది హూస్టన్‌లోనో, షికాగోలోనో, అట్లాంటాలోనో ఉండవచ్చు. అక్కడి నుంచి కారులో రాగలిగిన దూరమైతే ఇబ్బంది లేదు. రోజుల తరబడి తేదీలు మార్చి చూసే ఓపిక లేనివారు సీట్స్.ఏరో వంటి వెదుకుడు సైట్లలో నెలలకు నెలలు ఒకేసారి చూసి, ఆ తరువాత విమానసంస్థ సైట్‌లో సరిచూసుకోవచ్చు.

సీటు కళ్లారా చూసిన తరువాతే బ్యాంకు నుంచి పాయింట్లు మార్చాలి. ఇది ఈ వ్యాసంలో అన్నిటికన్నా ముఖ్యమైన మాట. ఒకసారి విమానసంస్థ ఖాతాలోకి వెళ్లిన పాయింట్లు మళ్లీ బ్యాంకుకు తిరిగి రావు. సభ్యత్వ ఖాతాను మాత్రం చాలా ముందే, బ్యాంకులో ఉన్న పేరుతోనే తెరిచి పెట్టుకోవాలి; కొత్త ఖాతాకు, పేరు తేడా ఉన్న ఖాతాకు మార్పిడి ఆలస్యమైతే ఆలోగా సీటు పోతుంది. ఇంట్లో ఇద్దరి ఖాతాల్లోనూ మైళ్లు ఉంటే, రావడానికి ఇద్దరి టికెట్లూ ఒకరి ఖాతా నుంచి, పోవడానికి ఇద్దరివీ మరొకరి ఖాతా నుంచి తీసుకోవాలి. అమ్మ టికెట్ ఒకరు, నాన్న టికెట్ ఒకరు తీస్తే రెండు వేర్వేరు బుకింగులై, ఒక విమానం మారినప్పుడు ఇద్దరూ విడిపోయే ప్రమాదం ఉంది.

పేర్ల విషయంలో మనవారికి ప్రత్యేకమైన చిక్కు ఉంది. ఇంటిపేరు కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిలో, కొందరిదాంట్లో అసలు పేరులోనే కలిసి, మరికొందరిదాంట్లో పొడి అక్షరంగా ఉంటుంది. కొందరికి ఒక గడి పూర్తిగా ఖాళీ. మనం పిలిచే పేరును బట్టి కాకుండా, పాస్‌పోర్టును ముందు పెట్టుకుని అక్షరం అక్షరం చూస్తూ నింపాలి. ఏదైనా గడి ఖాళీగా ఉంటే బుక్ చేయడానికి ముందే విమానసంస్థకు ఫోన్ చేసి ఎలా రాయాలో అడగాలి, ఎందుకంటే మైళ్ల టికెట్‌ను మరొకరి పేరుకు మార్చరు. చిన్న అక్షరదోషం దిద్దించుకోవడానికి కూడా చాలాసేపు ఫోన్ పట్టుకోవలసి వస్తుంది. పొరపాటు దొర్లిందని వెంటనే గమనిస్తే, ప్రయాణానికి వారం కన్నా ఎక్కువ వ్యవధి ఉండి, టికెట్‌ను నేరుగా విమానసంస్థ దగ్గరే తీసుకుని ఉంటే, 24 గంటల్లోగా రద్దు చేసి మళ్లీ తీసుకోవచ్చు.

విజయవాడ, విశాఖపట్నం వైపు వారు హైదరాబాద్ దాకా వేరే టికెట్ కొంటే, రెండింటి మధ్య తగినంత సమయం ఉంచాలి. మొదటి విమానం ఆలస్యమైనందుకు రెండో విమానసంస్థ బాధ్యత వహించదు. ముందురోజే హైదరాబాద్ చేరి బంధువుల ఇంట్లో ఉండడం మేలు. మీరే ప్రయాణిస్తూ, పాస్‌పోర్టులోని అమెరికా వీసా గడువు తీరిపోయి ఉంటే, ఐరోపా నగరాల మీదుగా టికెట్ తీసుకునే ముందు ఆ దేశపు ట్రాన్సిట్ వీసా నియమాలు చూసుకోవాలి.

హోటళ్ల సంగతి ఒక్క మాటలో చెప్పాలంటే, చేజ్ పాయింట్లను హయత్ హోటళ్ల పాయింట్లుగా మార్చుకోవచ్చు. కానీ మన ఊళ్లలో నగదు ధర తక్కువగా ఉన్న గదులకు వాటిని ఖర్చు పెట్టనవసరం లేదు. పెద్దవారిని అమెరికాలో ఏదైనా చూపించడానికి తీసుకువెళ్లినప్పుడు వాడితే ఎక్కువ గిట్టుతుంది.

టికెట్ వచ్చాక ఖతార్ వెబ్‌సైట్‌లో పనిచేసే బుకింగ్ నంబరును అమెరికన్ ఎయిర్‌లైన్స్ నుంచి తెలుసుకోవాలి. రెండు సంస్థల నంబర్లు వేరుగా ఉంటాయి. ఆ నంబరుతో సీట్లు ఎంచుకుని, శాకాహార భోజనం నమోదు చేసి, వీల్‌చెయిర్ సహాయం అడగాలి. వీల్‌చెయిర్‌కు రుసుము లేదు. నడవగలిగిన పెద్దవారికి కూడా దోహాలో విమానం మారేటప్పుడు భాష తెలియని ఇబ్బంది దానివల్ల తప్పుతుంది. ఆ తరువాత కూడా అప్పుడప్పుడు సీట్లు వెదుకుతూనే ఉండాలి. ఇంకా మంచి తేదీ గానీ, మధ్యలో ఆగే సమయం తక్కువగా ఉన్న విమానం గానీ కనబడితే, ఖాతాలో సరిపడా మైళ్లున్నప్పుడు ముందు కొత్త టికెట్ చేతికి తెచ్చుకుని, ఆ తరువాతే పాతదాన్ని రద్దు చేసి మైళ్లు వెనక్కి తీసుకోవాలి.